సైలెన్సర్ మీద మూడు వేలిముద్రలు

మా ఇంట్లో పాత గుడ్డ దొరకదు. ఇదేం సమస్య అనుకునేవాళ్లు ఎప్పుడూ తుప్పు తుడిచి ఉండరు. ఎక్కడికైనా వెళ్దామని బీరువా తెరిస్తే అందులో ఉన్నవన్నీ పాత గుడ్డలే. "ఆ చొక్కా వేసుకుని బయటికొస్తారా? నలుగురిలో పరువు పోతుంది" అంటుంది మా ఆవిడ. సరే కదా అని అదే చొక్కాతో తుప్పు తుడవబోతే, "అయ్యయ్యో, నిక్షేపంలా ఉంది, దాన్ని తగలేస్తారా?" అంటుంది. ఒకే చొక్కా, తొడుక్కోవడానికి పాతది, తుడవడానికి కొత్తది. అది ఏ పూట ఇటునుంచి అటు మారుతుందో నాకు పెళ్లయిన పదకొండేళ్లలో అంతుపట్టలేదు. చివరికి ఒంటి మీదున్న బనీను విప్పి మోటార్ సైకిల్ సైలెన్సర్ తుడిచాను.

ఆ సైలెన్సర్‌తో నాకేం పనో చెప్తాను. మా బండికి పద్నాలుగేళ్లు. సైలెన్సర్‌కి చిల్లు పడలేదు. దాని గురించి చెప్పుకోదగ్గ మంచి అదొక్కటే. మిగతాదంతా తుప్పే, పొరలు పొరలుగా. పోయిన నెల మా ఆవిడ డ్రైవింగ్ టెస్టుకి వెళ్తే, అక్కడి ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ తిరిగి, సైలెన్సర్ మీద పెన్నుతో టక్కున కొట్టాడు. బిస్కట్టంత పెచ్చు ఊడి ఆయన బూటు మీద పడింది. ఆయన బూటు వంక చూసుకున్నాడు. తర్వాత నా వంక చూశాడు.

"ముందు దీన్ని బాగుచేయించుకుని రామ్మా" అన్నాడు.

టెస్టు పెట్టకుండానే పంపేశాడు. మళ్లీ ఇచ్చిన తేదీ శనివారం, ఉదయం పది గంటలు. మా ఆవిడ లెర్నర్స్ లైసెన్సు గడువు తీరేది కూడా సరిగ్గా ఆ శనివారమే. అది దాటితే మళ్లీ కళ్ల పరీక్ష దగ్గర్నించీ మొదలు. ఆర్నెల్లు గంగలో కలిసినట్టే.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. మా ఆవిడ పనిచేసే స్కూలు ఆఫీసుకి రెండు బస్సులు మారి వెళ్లాలి. పోవడానికి గంటా పది నిమిషాలు, రావడానికి గంటా పది నిమిషాలు, అదీ సీటు దొరకని రోజుల్లో నిలబడి. బండి మీదైతే ఇరవై నిమిషాలు. నా ఆఫీసుకి నడిచి వెళ్తే పది నిమిషాలు. బండి మీద పన్నెండు, పార్కింగ్ వెతుక్కోవడంతో కలిపి. బండి మీద వెళ్లేది నేను. ఇందులో అన్యాయం ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. మా ఆవిడ చెప్పింది గానీ, ఆవిడ ఇంట్లో మనిషి కదా అని లెక్కలోకి తీసుకోలేదు.

వీధి చివర మెకానిక్ ఉన్నాడు. "ఒక పూట పని సార్, వదిలేసి వెళ్లండి" అంటాడు. కానీ క్రితంసారి బండి ఇచ్చినప్పుడు, "ఇంకా దీన్నే నడుపుతున్నారా సార్?" అని నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. అందుకని మూడు వీడియోలు చూసి, ఇంట్లోనే చేస్తానని ప్రకటించాను. మూడు వీడియోల్లోనూ మనిషి ఉతికిన చొక్కా వేసుకుని, వెనక సంగీతం వస్తూండగా, ఏడు నిమిషాల్లో పూర్తిచేశాడు. నాకు ఆరు రోజులు పట్టింది. మా ఇంట్లో సంగీతం లేకపోవడం వల్ల అనుకుంటాను.

ఆదివారం సైలెన్సర్ విప్పాను. ఇంజను దగ్గర రెండు నట్లుంటాయి. మొదటిది వచ్చింది. రెండోది అంచులన్నీ అరిగి గోలీకాయలా గుండ్రంగా తయారయ్యాక వచ్చింది. సోమవారం నుంచి ఆఫీసు కాగానే బాల్కనీలో పీట వేసుకుని, ముందు తీగల బ్రష్షుతో, తర్వాత గరుకు కాగితంతో, ఆ తర్వాత నున్నటి కాగితంతో రుద్దుతూ కూర్చున్నాను. బాల్కనీ గుమ్మంలో కుర్చీ వేసుకుని మా అత్తగారు పర్యవేక్షించారు. ఆవిడ మా దగ్గరే ఉంటారు. నన్ను ఒక్కనాడూ మర్యాద తప్పి పిలవలేదు. అదే నా బాధ.

"అల్లుడుగారూ, మీరు రుద్దుతున్నది తుప్పునా, ఇనుమునా?"

"తుప్పునే అత్తయ్యగారూ."

"మరి తుప్పు అలాగే ఉంది, ఇనుము పోతోంది. నా కళ్లద్దాలు మార్చాలేమో లెండి."

గురువారానికి తుప్పంతా పోయింది. అందులో కొంత నేల మీదికి, కొంత ఆరేసిన దుప్పట్ల మీదికి, మిగతాది నా ముక్కులోకి.

శుక్రవారం సెలవు పెట్టాను. పొద్దున ఆరింటికే సైలెన్సర్‌ని థిన్నర్‌తో కడిగి, రంగు లోపలికి పోకుండా రెండు మూతుల్లోనూ బనీను ముక్కలు కుక్కి, బట్టలారేసే తీగకి వేలాడదీసి, వేడికి తట్టుకునే నల్ల రంగు డబ్బాతో స్ప్రే కొట్టాను. పల్చగా ఒక కోటు, పది నిమిషాలాగి ఇంకొకటి, మళ్లీ ఆగి మూడోది. డబ్బా ఖాళీ. వెనక్కి జరిగి చూస్తే, నా జీవితంలో నేను చేసిన ఏ పనీ అంత నల్లగా నిగనిగలాడలేదు.

"ఎవరూ ముట్టుకోవద్దు" అని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మా అత్తగారు బొటనవేలు చూసుకుంటున్నారు.

"ముట్టుకున్నారా?"

"ముట్టుకోలేదు బాబూ. ఆరిందో లేదో చూశానంతే."

ఆఫీసుకి బయల్దేరుతూ మా ఆవిడ వచ్చింది. నేను జరిగిందంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, చెయ్యి చాపి, బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కింది.

"అవును, తడిగానే ఉంది" అని చెప్పి బస్సుకి వెళ్లిపోయింది.

వీళ్లకి చదువెందుకు చెప్పించారా అనుకుంటూ, ముద్రలు ఎంత లోతుగా పడ్డాయో పరీక్షించడానికి నేను కూడా ఒకసారి వేలు పెట్టి చూశాను. అది ముట్టుకోవడం కాదు, తనిఖీ. అలా సైలెన్సర్ మీద వరసగా మూడు వేలిముద్రలు పడ్డాయి. ఎడమ వైపు అత్తగారిది, మధ్యలో మా ఆవిడది, కుడి వైపు నాది. మళ్లీ కోటు వేద్దామంటే రంగు లేదు.

ఈ రంగు ఊరికే ఆరితే సరిపోదు, కాల్చాలి. నూట ఇరవై డిగ్రీల దగ్గర అరగంట, చల్లారాక రెండు వందల దగ్గర అరగంట అని డబ్బా మీద రాశారు. వంట చేసే ఓవెన్‌లో పెట్టకూడదని కూడా రాశారు. మా ఇంట్లో ఉన్న ఓవెన్‌లో ఇంతవరకూ ఎవరూ ఏమీ వండలేదు కాబట్టి ఆ నిబంధన మాకు వర్తించదు.

ఆ ఓవెన్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. మేం ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు మా బావమరిది ఇచ్చిన కానుక. పైన నాలుగు పొయ్యిలు, కింద మనిషి తలకాయ పట్టేంత కాదు, మనిషి పట్టేంత ఓవెన్. ఇచ్చిన రోజున "కేకులు చేసుకోండి బావా" అన్నాడు. మేం దాన్ని బీరువాగా చేసుకున్నాం. తలుపుంది, ఇనుప గోడలున్నాయి, ఎలుకలు రావు. మూతలు పోయిన డబ్బాలు, డబ్బాలు పోయిన మూతలు, ఎప్పుడో పారేసిన మిక్సీ గ్యారంటీ కార్డు, ఏ తాళానివో తెలియని తాళంచెవులు, అన్నీ అందులోనే. ఓవెన్ ముందుభాగానికి వచ్చినప్పుడు అతికించిన ప్లాస్టిక్ కాగితం ఇంకా తియ్యలేదు. తీస్తే పాతబడుతుందని.

నేను అరలన్నీ ఖాళీ చేసి సామానంతా వంటింటి నేల మీద పరిచాను.

"అన్నీ తీశారా?" గుమ్మంలోంచి అత్తగారు.

"తీశానండి."

"మూతుల్లో బనీను?"

అది తియ్యలేదు. తీశాను. సైలెన్సర్‌ని మూలగా పెడితే సరిగ్గా పట్టింది, కొలిచి చేయించినట్టు. కిటికీలు తీసి, నూట ఇరవైకి తిప్పాను. పావుగంటకి వాసన మొదలైంది.

"ప్లాస్టిక్ కాలుతున్నట్టుంది అల్లుడుగారూ."

"రంగు వాసనండి. వస్తుందని డబ్బా మీద రాశారు."

"మా కాలంలో రంగు రంగు వాసనే వచ్చేది" అని ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయారు.

నేను మాత్రం డబ్బా మీద రాసింది తు.చ. తప్పకుండా పాటించాను. అరగంట కాల్చి, చల్లార్చి, రెండు వందలకి తిప్పాను. వాసన ఇంకా బలంగా వచ్చింది. రంగు బాగా పడుతోందని సంతోషించాను.

అయిదింటికి మా ఆవిడ ఇంటికొచ్చింది. చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి, నేల మీద సామాను చూసి, ఓవెన్ చూసి, నన్ను చూసింది.

"ఫైలు తీశారు కదా?"

"ఏ ఫైలు?"

"నా లెర్నర్స్ లైసెన్సు ఫైలు. ఓవెన్‌లో, అడుగున నల్ల ట్రే కింద పెట్టాను."

"అక్కడెందుకు పెట్టావ్?"

"మీ చేతికి దొరక్కుండా."

ఆ మాట నిజమే. నాకు దొరకలేదు. ట్రే ఎత్తి చూస్తే, నీలం రంగు ప్లాస్టిక్ ఫైలు కరిగి, పొంగి, ఆరి, ఓవెన్ అడుగున చిన్న చెరువులా పరుచుకుని ఉంది. మధ్యలో గోధుమరంగు ద్వీపం. అదే లైసెన్సు.

అప్పుడు నాకొకటి జరిగింది. ఎవరికీ చెప్పలేదు, మీకు చెప్తున్నాను. ఒక్క సెకను, సరిగ్గా ఒక్క సెకను, నా గుండె తేలికైంది. బండి నాదే అనిపించింది. వచ్చే ఆర్నెల్లూ ఆఫీసుకి పన్నెండు నిమిషాల్లో వెళ్లొచ్చు అనిపించింది. వెంటనే ముఖం దిగులుగా పెట్టాను గానీ, మా అత్తగారు గుమ్మంలోంచి చూడనే చూశారు. ఆవిడ కళ్లద్దాలు మార్చక్కర్లేదు.

మా ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. అట్లకాడ తీసుకుని మోకాళ్ల మీద కూర్చుని, ఆ ద్వీపాన్ని అంచుల నుంచి మెల్లగా లేపడం మొదలుపెట్టింది. నెల నుంచీ రోజూ సాయంత్రం బస్సు దిగి, భుజానికి బ్యాగుతోనే, కాలనీ గ్రౌండులో ఆ బండి మీద ఎనిమిది అంకె చుట్టి చుట్టి వచ్చేది. సోమవారం నుంచి బండికి సైలెన్సర్ లేదు కాబట్టి, పక్కింటావిడ సైకిలడిగి దాని మీద చుట్టింది. అది గుర్తొచ్చింది నాకు.

"మీరు కావాలని చేశారా?" తల ఎత్తకుండా అడిగింది.

"లేదు. ఒట్టు."

"ఒక్క నిమిషమైనా సంతోషపడలేదా?"

"ఒక్క నిమిషం కూడా లేదు" అన్నాను. సెకనే కాబట్టి అబద్ధం కాదు.

"అల్లుడుగారు అబద్ధం చెప్పరమ్మా. లెక్క మాత్రం కచ్చితంగా చెప్తారు" అన్నారు అత్తగారు.

లైసెన్సు ఊడొచ్చింది. అప్పటిదాకా అది కాగితం, ఇప్పుడు రేకు. ఫొటోలో జుట్టూ, ఒక చెవీ మిగిలాయి. వేలిముద్ర ఉండాల్సిన చోట బుడగ. నంబరు మాత్రం మొత్తం కనిపిస్తోంది. మా ఆవిడ దాన్ని కిటికీ వెలుగుకి పట్టి చూసి, "రేపు వెళ్తాను" అంది.

"దీంతోనా? నవ్వుతారు."

"నవ్వనీండి. పదకొండేళ్లుగా మీ వెనక కూర్చున్నదాన్ని, నాకు కొత్తా?"

నేను సైలెన్సర్ తీసుకుని కిందికి వెళ్లాను. బిగించబోతే గుండ్రటి నట్టు పట్టలేదు. ఇంజనుకీ గొట్టానికీ మధ్య వేసే రింగు కూడా నలిగిపోయింది. ఇక తప్పదని మెకానిక్ దగ్గరికి వెళ్లి రెండూ అడిగాను.

"ఎందుకు సార్?"

"సైలెన్సర్‌కి. నేనే రంగేశాను."

మెకానిక్ స్పానర్ పట్టుకుని నా వెంటే వచ్చాడు. సైలెన్సర్ చుట్టూ చూశాడు. ఒంగి చూశాడు. నవ్వలేదు.

"బాగా కాల్చారు సార్. పక్కాగా పట్టింది" అన్నాడు. నా కడుపు నిండిపోయింది. అంతలో, "ఈ వేలిముద్రలేంటి సార్, దొంగలు పడ్డారా?" అన్నాడు.

శనివారం పది గంటలకి టెస్టు ఆఫీసులో నిలబడ్డాం. బండి నేనే నడిపాను. దారంతా వెనకనుంచి "మెల్లగా... లారీ... బ్రేకు" అంటూనే ఉంది. నేను అలవాటు ప్రకారం "నడిపేది నేనా నువ్వా?" అన్నాను. అదే ఆఖరుసారని నాకు తెలియదు.

అదే ఇన్‌స్పెక్టరు. లైసెన్సు అందుకుని వేళ్లతో వంచబోయాడు. అది వంగలేదు.

"ఇదేంటమ్మా?"

"లెర్నర్స్ లైసెన్సండి. మా ఆయన ఓవెన్‌లో పెట్టారు."

ఆయన నా వైపు తిరిగాడు. "ఎందుకు సార్?"

"సైలెన్సర్ కాలుద్దామనండి."

ఆయన ఆ రేకునీ నన్నూ మార్చి మార్చి చూశాడు. రోజూ అబద్ధాలు వినే ఉద్యోగంలో ఉన్న మనిషికి ఒక్కసారిగా నిజం ఎదురైతే అలాగే ఉంటుంది.

"ఫొటోలో చెవి తప్ప ఏం లేదు కదమ్మా. ఇది మీదేనని నేనెలా నమ్మాలి?"

మా ఆవిడ జుట్టు పక్కకి తీసి చెవి చూపించింది. "ఇదేనండి."

"వేలిముద్ర కూడా పోయింది."

"అది సైలెన్సర్ మీద ఉందండి. మధ్యది నాది. ఎడమ వైపుది మా అమ్మది. కుడి వైపుది ఆయన తనిఖీ."

ఇన్‌స్పెక్టరు బయటికొచ్చి, బండి పక్కన గొంతుక్కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. మధ్య ముద్ర దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగాడు. లేచి, జేబులోంచి అదే పెన్ను తీసి, టక్కున కొట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను. ఏమీ రాలలేదు. చిన్న గీత పడింది. నా ఆరు రోజుల కష్టం మీద గీత పడినందుకు ఆయన్ని ఏదో ఒకటి అందామనుకున్నాను గానీ, మా ఆవిడ నా కాలు తొక్కింది.

లోపలికెళ్లి కంప్యూటర్లో నంబరు కొట్టాడు. "వివరాలన్నీ ఇందులోనే ఉన్నాయమ్మా. ఫొటో కూడా. ఊరికే కంగారుపడ్డారు. రండి, బండి తియ్యండి."

ఆవిడ బండెక్కింది. వేడెక్కగానే సైలెన్సర్ మీంచి సన్నగా తెల్లటి పొగ లేచింది. "కొత్త రంగండి, మొదటిసారి అలాగే వస్తుంది!" అని నేను గట్టిగా అరిచాను. ఎవరూ అడగలేదు. ఆవిడ ఎనిమిది అంకె మొదలుపెట్టింది. మొదటి మలుపు దగ్గర బండి కాస్త ఊగింది. నాకు తెలియకుండానే నా కుడికాలు నేలని బ్రేకు తొక్కినట్టు తొక్కుతోంది. "మెల్లగా... మెల్లగా..." అని నా నోరు గొణుగుతోంది. పక్కన టెస్టుకి వచ్చినాయన నన్ను వింతగా చూశాడు. ఆ సమయంలో నాకు ఆఫీసూ పన్నెండు నిమిషాలూ ఏవీ గుర్తు రాలేదు. కాలు కింద పెట్టకుండా ఆ రెండో సున్నా పూర్తిచేస్తే చాలనిపించింది.

పూర్తిచేసింది. కాలు పెట్టలేదు. గట్టు మీద ఆపి, మళ్లీ కదిలి, ఇన్‌స్పెక్టరు ముందు ఆపింది. ఆయన కాగితం మీద ముద్ర కొట్టాడు.

నేను తాళం కోసం చెయ్యి చాపాను. ఆవిడ బండి దిగలేదు.

"ఎక్కండి" అంది.

ఇదంతా జరిగి మూడు వారాలైంది. మా ఆవిడ ఇరవై నిమిషాల్లో స్కూలుకి చేరుతోంది. నేను పది నిమిషాల్లో నడిచి ఆఫీసుకి చేరుతున్నాను. పొద్దున్నే ఇంత తొందరగా ఎందుకొస్తున్నానని మా మేనేజరు నన్ను అనుమానంగా చూస్తున్నాడు. అవన్నీ సర్దుకుపోవచ్చు. నా బాధ వేరే. ఆదివారాలు ఇద్దరం కలిసి వెళ్తాం. నేను వెనక.

పాఠకులు పెద్దమనసు చేసుకుని ఒక్క సలహా ఇవ్వాలి. వెనక సీట్లో కూర్చున్న మనిషి చేతులెక్కడ పెట్టుకోవాలి? భుజం మీద వేస్తే, "బరువుగా ఉంది, తియ్యండి" అంటోంది. వెనకున్న కమ్మీ పట్టుకుంటే పోలీసులు తీసుకెళ్తున్నట్టుందని ఎదురింటాయన అన్నాడు. మోకాళ్ల మీద పెట్టుకుంటే స్కూలు గ్రూపు ఫొటోకి కూర్చున్నట్టుంది, పైగా గుంతలో పడితే పట్టుకోవడానికేమీ ఉండదు. "బ్రేకు" అంటే, "నడిపేది మీరా నేనా?" అంటోంది.

మా అత్తగారిని అడిగాను. "పదకొండేళ్లు మా అమ్మాయి ఎక్కడ పెట్టుకుందో గుర్తు తెచ్చుకోండి అల్లుడుగారూ" అన్నారు.

ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. అద్దంలోనైనా చూసి ఉండాల్సింది. కానీ ఆ అద్దాన్ని నేనెప్పుడూ నా క్రాపు కనిపించేలా తిప్పుకునేవాణ్ని.

అనుభవం ఉన్నవాళ్లు, ఆడవాళ్లైనా సరే, ముఖ్యంగా ఆడవాళ్లు, దయచేసి రాయండి. ఆదివారం తొమ్మిదింటికి మార్కెట్‌కి వెళ్లాలట. వస్తున్నప్పుడు నా ఒళ్లో గుమ్మడికాయ కూడా ఉంటుందని ఇప్పుడే చెప్పింది.